ల్యాప్‌టాప్ గడియారం వారానికోసారి వెనక్కి పోతోంది, బ్యాటరీ మార్చినా అంతే

కొబ్బరిబొండం:

నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, కొబ్బరికాయల కొట్లో లెక్కలు రాస్తుంటాను. నా ల్యాప్‌టాప్ ఏడేళ్ళ కిందటిది, విండోస్ 10. దీని గడియారం నిలకడగా ఉండట్లేదు. నాలుగైదు రోజులు బుద్ధిగానే ఉంటుంది, ఉన్నట్టుండి ఓ పొద్దున చూస్తే టైమ్ తప్పు. నేను సరిచేస్తాను, మళ్ళీ నాలుగైదు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే.

ఫోన్లో చూసుకుందాంలే అని ఊరుకునేవాణ్ణే గానీ మా లోడింగ్ అంతా తెల్లవారుజామున, ఆ వేళకి కొట్లో నెట్ కూడా ఉండదు. నాలుగున్నర, ఐదింటికల్లా లారీ కదలాలి, డ్రైవరు బయట హారన్ కొడుతుంటాడు, ఆ కంగారులో బిల్లు తీసి ఇచ్చేస్తాను. బిల్లు ఫార్మాట్ ఎక్సెల్లో నేనే చేసుకున్నాను, తేదీ దానంతటదే పడుతుంది. మొన్న ఒకటో తారీకు పొద్దున తీసిన రెండు బిల్లుల మీద కిందటి నెల ఆఖరి తారీకు పడింది. నేను చూసుకోలేదు. అవి పోయి కిందటి నెల జీఎస్టీ రిటర్నులో కూర్చున్నాయి, ఆడిటరు గారు ఫోన్ చేసి ఓ పావుగంట క్లాసు పీకారు.

టౌన్లో రిపేరు షాపుకి పట్టుకెళ్తే, మూత కూడా తియ్యకుండానే సీమాస్ బ్యాటరీ (లోపల గడియారాన్ని నడిపే బిళ్ళ సెల్) పోయిందన్నాడు. 400 తీసుకుని మార్చాడు. పది రోజులకి మళ్ళీ తప్పు. ఇప్పుడు వెళ్తే మదర్‌బోర్డు అంటున్నాడు, ఆరేడు వేలట. నిజంగా మదర్‌బోర్డేనా, లేక ఇంకేమన్నా చూడాలా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

టక్కునచెప్తా:

బ్యాటరీయే అన్నా, డౌటే లేదు. షాపోడు పాత సెల్లే తుడిచి మళ్ళీ పెట్టుంటాడు, మా బావమరిదికి ఇలాగే చేశారు. సీఆర్2032 అని కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది, 40 రూపాయలు పెట్టి మీరే వేసుకోండి. అయిపోయింది.

రాత్రిడ్యూటీ:

ఆగండి ఆగండి, మళ్ళీ బ్యాటరీ కొనకండి. నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీలో రాత్రి షిఫ్టులో సర్వర్లు చూసుకుంటాను. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడల్లా ముందు అడిగేది ఒకటే, టైమ్ తప్పు అంటే ఎంత తప్పు? "తప్పు చూపిస్తోంది" అంటే డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాలేదు" అన్నట్టే. నిమిషాలతో సహా కావాలి.

బ్యాటరీ పోతే ఏమవుతుందో ముందు చెప్తాను. ల్యాప్‌టాప్ ఆపేసినా లోపల ఒక చిన్న చిప్ టైమ్ లెక్కపెడుతూనే ఉంటుంది, ఆర్టీసీ అంటారు, మన బస్సులు కాదు, రియల్ టైమ్ క్లాక్. దాని పక్కన ఒక క్రిస్టల్ ఉంటుంది, సెకనుకి సరిగ్గా 32768 సార్లు ఊగుతుంది. ఆ అంకె ఎందుకంటే 2ని 15 సార్లు గుణిస్తే వచ్చేది అదే, సగం సగం చేసుకుంటూ పోతే చివరికి ఒక్క సెకను మిగులుతుంది. కరెంటు లేనప్పుడు దీన్ని బతికించేదే ఆ బిళ్ళ సెల్. అది చచ్చిపోతే గడియారం ఏ ఫ్యాక్టరీ తేదీకో, కొన్నేళ్ళ వెనక్కో పోతుంది, లేదా మీరు ఆపినప్పటి టైమ్ దగ్గరే నిలబడిపోతుంది. అంతేగానీ నాలుగు రోజులు బుద్ధిగా ఉండి ఐదో రోజు మొండికెయ్యడం దాని లక్షణం కాదు. కొత్త సెల్ వేశాక కూడా అదే వరస అంటే అనుమానం ఇంకా గట్టిపడాలి.

అందుకని మీరు ఇవి చూసి చెప్పండి. మళ్ళీ తప్పినప్పుడు వెంటనే సరిచేయకండి. ఫోన్ పక్కన పెట్టి రెండు టైమ్‌లూ, తారీకుతో సహా, కాగితం మీద రాయండి. తర్వాత ల్యాప్‌టాప్ ఆపి, ఆన్ చేస్తూనే ఎఫ్2 కొట్టి (కొన్నిట్లో ఎఫ్10, కొన్నిట్లో డిలీట్) బయోస్‌లోకి వెళ్ళి అక్కడ టైమ్ ఎంతుందో చూడండి. విండోస్ ఇంకా లేవకముందు ఉండే టైమ్ అది, ఆ చిప్ ఏమనుకుంటోందో అక్కడ తెలుస్తుంది. ముందు రోజు ఆ ల్యాప్‌టాప్ మీద ఎవరేం చేశారో కూడా గుర్తు తెచ్చుకోండి.

టైమ్ జోన్ కూడా ఓసారి చూడండి. విండోస్ లిస్టులో హైదరాబాద్ ఉండదు, చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఒకే వరసలో ఉంటుంది, అది మనది. దాని కిందే శ్రీ జయవర్ధనపుర అని ఉంటుంది, అది శ్రీలంకది. అదీ మనలాగే గ్రీన్‌విచ్ కన్నా ఐదున్నర గంటలు ముందే కాబట్టి పొరపాటున పెట్టినా తేడా తెలీదనుకోండి.

ఇంకో మాట, అడగకపోయినా చెప్తున్నాను. బిల్లులో తేదీకి టుడే ఫార్ములా పెట్టుంటే ఇవాళే తీసేయండి. ఆ ఫైలు వచ్చే నెల తెరిస్తే తేదీ వచ్చే నెలదవుతుంది. తేదీ గడిలో నిలబడి కంట్రోల్ నొక్కి సెమీకోలన్ కొడితే ఆ రోజు తేదీ పడి అలాగే ఉండిపోతుంది.

కొబ్బరిబొండం:

ఆయ్, టుడే ఫార్ములానేనండి. పాత బిల్లులు తెరిచి చూస్తే అన్నిటి మీదా ఇవాళ్టి తేదీయే ఉంది, గుండె జారిపోయింది. ప్రింటు కాపీలు ఫైల్లో ఉన్నాయి కాబట్టి సరిపోయింది.

టైమ్ జోన్ సరిగ్గానే ఉంది. మిగతావి మళ్ళీ తప్పినప్పుడు రాస్తాను.

కొబ్బరిబొండం:

తప్పిందండి. ఇవాళ సోమవారం. పొద్దున ఫోన్లో 4:41. ల్యాప్‌టాప్ తెరిస్తే ఆదివారం, రాత్రి 11:11. ఆపి బయోస్‌లోకి వెళ్ళేసరికి ఫోన్లో 4:44, అక్కడ 11:14. తేదీ కూడా నిన్నటిదే. ఫోటో తీసి పెట్టుకున్నాను. మరి నిన్న నేను ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు, ఆదివారం కొట్టు సెలవు.

రాత్రిడ్యూటీ:

మీ 400 అనవసరంగా పోయినట్టే. 4:41కీ 11:11కీ మధ్య ఎంతో లెక్కపెట్టండి. సరిగ్గా ఐదున్నర గంటలు, నిమిషం అటూ ఇటూ లేదు. చచ్చిపోయే బ్యాటరీకి అంత లెక్కా డొక్కా ఉండదు.

ఐదున్నర అంటే గ్రీన్‌విచ్‌కీ మనకీ ఉన్న తేడా. సూర్యుడు ఒక డిగ్రీ దాటడానికి 4 నిమిషాలు, మన దేశం టైమ్ లెక్కకట్టేది 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశం మీద, గుణిస్తే 330 నిమిషాలు. ఆ రేఖ పోయేది కాకినాడకి కాస్త తూర్పునుంచి, అంటే ఇంచుమించు మీ పెరట్లోంచే. మీ ల్యాప్‌టాప్ మాత్రం లండన్లో కూర్చుంది.

మీ ల్యాప్‌టాప్‌లో విండోస్‌తో పాటు లైనక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) ఏమన్నా ఉందా? ఉబుంటు, మింట్, ఏదైనా సరే. ఆన్ చేయగానే నల్ల తెర మీద రెండు పేర్లు చూపించి ఏది కావాలి అని అడుగుతుందా?

కొబ్బరిబొండం:

దొరికాడండి దొంగ. మావాడు కాకినాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, శని ఆదివారాలు ఇంటికొస్తాడు. వాడి ల్యాబ్ పనికి ఉబుంటు కావాలని నా దాంట్లో వేసుకున్నాడట, సంక్రాంతి సెలవుల్లో. నల్ల తెర వస్తుందండి, కానీ పది సెకన్లాగితే అదే విండోస్‌లోకి పోతుంది కాబట్టి నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఏదో అప్‌డేట్ అనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే "నా ఉబుంటులో టైమ్ కరెక్టుగానే ఉంటుంది నాన్నా" అంటున్నాడు. మరి తప్పు ఎవరిది?

రాత్రిడ్యూటీ:

అబ్బాయి అబద్ధం చెప్పట్లేదు. రెండూ కరెక్టే, ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళు తప్పుగా చదువుతున్నారు.

గోడ గడియారం ఒకటే ఉంది, ఇంట్లో ఇద్దరున్నారు అనుకోండి. విండోస్ ఆ చిప్‌లో ఉన్నది ఇక్కడి టైమ్ అనుకుంటుంది. లైనక్స్ యూటీసీ అనుకుంటుంది, అంటే గ్రీన్‌విచ్ టైమ్, దానికి ఐదున్నర కలిపి మనకి చూపిస్తుంది. ఉబుంటు నెట్‌కి తగిలి టైమ్ సరిచూసుకున్నాక, సుమారు 11 నిమిషాలకోసారి ఆ చిప్‌లో యూటీసీ రాస్తూ ఉంటుంది. ఆదివారం రాత్రి మీవాడు ఆపేసే సమయానికి చిప్‌లో ఉన్నది గ్రీన్‌విచ్ టైమ్. సోమవారం పొద్దున విండోస్ లేచి అదే మన టైమ్ అనుకుని మీకు చూపించింది. మీరు సరిచేస్తే విండోస్ చిప్‌లో మన టైమ్ రాసింది, శుక్రవారం దాకా బాగుంది. శనివారం మళ్ళీ మీవాడు వచ్చాడు. నిజానికి శనివారం ఉబుంటు తెరిచిన కొత్తలో ఐదున్నర ముందుకి చూపించాలి, కానీ వాడి ఫోన్ హాట్‌స్పాట్ తగలగానే సెకన్లలో సర్దుకుంటుంది కాబట్టి వాడి కంటపడలేదు. మీ కొట్లో తెల్లవారుజామున నెట్ ఉండదు కదా, అందుకే తప్పు మొత్తం మీ నెత్తిన పడింది.

మందు రెండు రకాలు. ఎవరో ఒకళ్ళు రెండోవాళ్ళ పద్ధతికి రావాలి.

సులువైంది ఉబుంటుని ఒప్పించడం. ఉబుంటులో టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే కిటికీ) తెరిచి టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1 అని కొట్టాలి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే, సెట్, లోకల్, ఆర్టీసీల మధ్య అడ్డగీతలు, 1కి ముందు ఖాళీ). మీవాడికి తెలిసే ఉంటుంది. తర్వాత టైమ్‌డేట్‌సీటీఎల్ అని ఒక్క మాటే కొడితే, ఈ పద్ధతి పూర్తిగా నమ్మకమైంది కాదు, టైమ్ జోన్ మారినా, వేసవికి గంట జరిపినా ఇబ్బందొస్తుంది అని పెద్ద హెచ్చరిక చూపిస్తుంది. మనకి గంటలు జరిపే గోల లేదు కాబట్టి కంగారు పడక్కర్లేదు.

రెండోది విండోస్‌ని యూటీసీకి తేవడం, అది రెజిస్ట్రీలో (విండోస్ తన లోపలి సెట్టింగులు దాచుకునే చోటు) మార్చాలి. అడిగితే రాస్తాను.

డాలస్‌పిన్ని:

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆ మొదటి మందు ఇండియాలో ఉన్నవాళ్ళకి మాత్రమే. నేను కూడా వేసవిలో అదే చేసి, హమ్మయ్య కుదిరింది అనుకున్నాను. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరుపుతారు. విండోస్ గంట జరిపి చిప్‌లో రాసింది. లైనక్స్‌కి ఆ సంగతి తెలీదు, ఒకళ్ళు జరిపారో లేదో రెండోవాళ్ళకి చెప్పే దారే లేదు. సోమవారం పొద్దున మీటింగుకి గంట ముందే వెళ్ళి ఖాళీ తెర ముందు కాఫీ తాగుతూ కూర్చున్నాను. మార్చి రెండో ఆదివారం మళ్ళీ ఇదే తలనొప్పి వస్తుందని అప్పుడు విండోస్‌ని యూటీసీకి మార్చేశాను, ఆ తర్వాత ఇబ్బంది లేదు.

మీ అబ్బాయి రేపు ఎమ్మెస్ అని ఆ ల్యాప్‌టాప్ పట్టుకుని ఇటు వచ్చినా వస్తాడు, ఇప్పుడే రెండోది చేయించుకోండి అన్నయ్య గారూ.

కొబ్బరిబొండం:

ఏడేళ్ళ ల్యాప్‌టాప్ పట్టుకుని అమెరికా ఎవరొస్తారమ్మా, వాడికి కొత్తది కొనాలి, అది వేరే ఖర్చు. కానీ మీరు చెప్పింది బాగుంది. రాత్రిడ్యూటీ గారూ, రెండోదే రాయండి.

రాత్రిడ్యూటీ:

సరే. ముందు రెజిస్ట్రీకి ఒక కాపీ తీసుకోండి, కింద చెప్పిన రెజ్‌ఎడిట్ తెరిచాక దాని ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ ఉంటుంది. స్టార్ట్ మెనూలో రెజ్‌ఎడిట్ అని వెతికి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషిన్, దాన్లో సిస్టమ్, దాన్లో కరెంట్‌కంట్రోల్‌సెట్, దాన్లో కంట్రోల్, దాన్లో టైమ్‌జోన్‌ఇన్ఫర్మేషన్. అక్కడ కుడివైపు ఖాళీలో కొత్త డీవర్డ్ ఒకటి సృష్టించి రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అని పేరు పెట్టి (ఇంగ్లిష్‌లో, నాలుగు మాటలూ కలిపి, మధ్యలో ఖాళీ లేకుండా) విలువ 1 ఇవ్వండి. పక్కనున్న వేరే దేన్నీ ముట్టుకోకండి. ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేసి, నెట్‌కి కలిపి, డేట్ అండ్ టైమ్ సెట్టింగ్స్‌లో సింక్ నౌ ఒకసారి నొక్కండి. ఉబుంటులో ఇంతకుముందు కమాండ్ కొట్టేసి ఉంటే ఈసారి 1కి బదులు 0 పెట్టి మళ్ళీ కొట్టమనండి, లేకపోతే ఇద్దరూ కలిసి తిరగబడతారు.

ఒక్కటి బాగా గుర్తుంచుకోండి. ఇక నుంచి బయోస్‌లో టైమ్ ఎప్పుడూ ఐదున్నర గంటలు వెనకే ఉంటుంది. అది తప్పు కాదు. ఏ షాపువాడో చూసి "అరె ఇక్కడ తప్పుంది" అని దిద్దితే కథ మొదటికొస్తుంది.

స్క్రూడ్రైవర్:

అందరూ బ్యాటరీని మరీ తీసిపారేస్తున్నారు, దాని తరఫున నేను మాట్లాడతా. వరంగల్‌లో రిపేర్లు చేస్తా. ఈ అన్నది లైనక్స్ గోల సరే, కానీ నా బల్ల మీదికొచ్చే పాత ల్యాప్‌టాప్‌లలో టైమ్ తప్పడానికి ఎక్కువసార్లు సెల్లే కారణం. గుర్తుపట్టడం ఇట్ల. కొన్ని మోడళ్ళలో మెయిన్ బ్యాటరీలో చార్జింగ్ ఉన్నంతసేపు ఆర్టీసీ దాని మీదే బతుకుతది. అందుకే రోజూ వాడేవాళ్ళకి సెల్ పోయిన సంగతే తెల్వదు. పెళ్ళికని ఊరికిపోయి పదిహేను రోజులు మూలకి పెట్టి, మెయిన్ బ్యాటరీ మొత్తం దిగిపోయినంక తెరిస్తే అప్పుడు బయటపడుతది, తేదీ ఎక్కడికో పోయి ఉంటది, తెర మీద టైమ్ సెట్ చేయమని, ఎఫ్1 నొక్కమని వస్తది. మల్టీమీటర్ పెడితే కొత్త సెల్ 3 వోల్టుల పైన చూపిస్తది. మొన్న ఒక టీచరమ్మ ల్యాప్‌టాప్‌లో తీసినది 1.9 ఉంది.

టక్కునచెప్తా తమ్ముడు కిరాణా కొట్టు సెల్ అన్నడు గదా, ల్యాప్‌టాప్‌లో అది చాలాసార్లు నేరుగా కూర్చోదు. సెల్‌కి రెండు రేకులు వెల్డ్ చేసి, ఎరుపు, నలుపు వైర్లు తీసి, పైన ప్లాస్టిక్ తొడుగు వేసి, చివర చిన్న కనెక్టర్ ఉంటది. వైర్లతో ఉన్నదే అడిగి కొనాలి. కొందరు ఉత్త సెల్ మీదనే సోల్డర్ పెడ్తరు, ఆ వేడికి సెల్ పాడైతది, పేలనూ వచ్చు. విప్పినంక ముందు మెయిన్ బ్యాటరీ కనెక్టర్ తియ్యాలి, తర్వాతే ఇది. వైర్లు పట్టి గుంజొద్దు, గోరుతో కనెక్టర్ అంచు పట్టి జరపాలి. ఇంకోటి, కొన్నిట్ల వేరే సెల్ అనేదే ఉండదు, మెయిన్ బ్యాటరీయే అన్నీ చూసుకుంటది. మీ మోడల్‌లో ఉందో లేదో చూడకుండా విప్పకండి.

సెల్ తీస్తే బయోస్ సెట్టింగులు మొదటికి పోవచ్చు. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) పెట్టి ఉంటే రికవరీ కీ అడుగుతది, 48 అంకెలు, అది ముందే రాసి పెట్టుకోవాలె. నేను కస్టమర్‌ని అదే అడుగుత ఫస్టు, మూత తియ్యకముందే.

హాస్టల్214:

నాది వేరే రకం అన్నా. ఐదున్నర కాదు, మొత్తం సెమిస్టర్‌కి మూడు నిమిషాల పైన వెనకబడింది. సింక్ నౌ నొక్కితే ఫెయిల్ అంటోంది. కాలేజీ వైఫై. నాది కూడా సెల్లేనా?

రాత్రిడ్యూటీ:

కాదు తమ్ముడూ. ఆ క్రిస్టల్ లక్షకి రెండు వంతులు అటూ ఇటూ ఊగినా రోజుకి దాదాపు 1.7 సెకన్లు. నాలుగు నెలలకి లెక్కేసుకో, మూడు నిమిషాల పైనే వస్తుంది. మామూలుగా ఈ చిన్న తేడాని నెట్ సర్దేస్తుంటుంది, నీకు అది జరగట్లేదు. టైమ్ అడగడానికి ఎన్‌టీపీ అనే పద్ధతి ఉంది, యూడీపీ 123 పోర్టు (నెట్‌వర్కులో ఒక తలుపు అనుకో) మీద పోతుంది. కాలేజీ నెట్‌వర్కుల్లో ఆ పోర్టు మూసేయడం మామూలే. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి ఒక్కసారి సింక్ నౌ నొక్కు, చాలు. అప్పటికీ రాకపోతే సర్వర్ మార్చి చూడు. మన దేశపు అసలు టైమ్ ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ అణు గడియారాల మీద ఉంటుంది, వాళ్ళ సర్వర్ టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్.

స్క్రూడ్రైవర్ గారు చెప్పిన రకం వాళ్ళకి ఒక మాట. తేదీ ఏళ్ళ వెనక్కి పోయినప్పుడు విండోస్ తనంతట తను సరిచేసుకుంటుందని ఎదురుచూడకండి. ఇళ్ళలో వాడే కంప్యూటర్లలో మామూలు సెట్టింగు ప్రకారం తేడా 15 గంటలు దాటితే ఆ దిద్దుబాటుని ఒప్పుకోదు. సైట్లు కూడా తెరుచుకోవు, సర్టిఫికెట్ తేదీ కుదరట్లేదని ఎర్ర బొమ్మ చూపిస్తాయి, జనం నెట్ పాడైందని వైఫై రౌటర్‌ని బాదుతుంటారు. ముందు తారీకు చేత్తో పెట్టి, తర్వాత సింక్ నౌ కొట్టాలి.

హాస్టల్214:

హాట్‌స్పాట్‌తో ఒక్క దెబ్బకి సెట్ అయింది. థాంక్స్ అన్నా.

టక్కునచెప్తా:

సరే, ఈసారికి బ్యాటరీ కాదు.

కొబ్బరిబొండం:

అందరికీ ధన్యవాదాలండి. శనివారం మావాడు వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెజిస్ట్రీ మార్పు చేయించాను, కాపీ తీయడం మర్చిపోబోయాడు, మీరు రాసింది చూపించాను. ఆదివారమంతా వాడు ఉబుంటు వాడాడు. ఇవాళ సోమవారం పొద్దున కొట్లో నెట్ లేకుండానే తెరిచాను. ఫోన్లో 4:38, ల్యాప్‌టాప్‌లో 4:38, సోమవారమే. బిల్లులో తేదీ కంట్రోల్ సెమీకోలన్ కొట్టి వేశాను, డ్రైవరు రెండుసార్లే హారన్ కొట్టాడు.

ఉండబట్టలేక ఆపి బయోస్‌లోకి కూడా వెళ్ళి చూశాను. రాత్రి 11:10, ఆదివారం. చెయ్యి లాగింది గానీ దిద్దలేదండి. మావాడు కీబోర్డు కింద చీటీ అంటించి వెళ్ళాడు, "ఇక్కడ టైమ్ ముట్టుకోకు నాన్నా" అని.